ఋతువులు మారు వేళ: వంటయింటి సాధన

సంవత్సరమునకు ఋతువులు ఆరు. వసంతమున వేప పూచును. గ్రీష్మమున చెరువు ఇంకును. వర్షర్తువున నేల మెత్తబడును. శరత్తున ఆకాశము తేటపడును. హేమంతమున మంచు కురియును. శిశిరమున ఆకు రాలును. చెట్టు, పశువు, పక్షి ఈ మార్పును ఎరిగి తమ నడవడిని మార్చుకొనుచున్నవి. మనుష్యుడు మాత్రము పండ్రెండు మాసములును అదే కూర, అదే వేపుడు, అదే పానీయము తనకు దొరకవలెనని పట్టుపట్టుచున్నాడు. శీతల గిడ్డంగులును, దూరపు రవాణాయు నేడు ఆ పట్టును నెగ్గించుచున్నవి. ఏ కాయయైనను ఏ మాసమునందైనను అంగడిలో లభించుచుండగా ఋతువుతో పని యేమి యని అతడు తలంచుచున్నాడు.

వేరొక వైపున, ఋతువు మారినంతనే ఆ కాలమునకు తగిన క్రొత్త వంటకమును ఇంట చేసి చూడవలెనని ఉత్సాహపడువారును కలరు. వారిని చూచి కొందరు భక్తులు పెదవి విరుతురు. "ఆత్మవిచారము చేయవలసిన వారికి ఈ రుచుల గొడవ యేల? జిహ్వను జయింపవలసినవాడు జిహ్వకు దినమున కొక క్రొత్తదనము చూపవచ్చునా?" అని వారి ఆక్షేపణ. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. ఇంద్రియములలో జిహ్వను వశపరచుకొనుట మిక్కిలి కష్టమని పెద్దలందరును చెప్పిన మాటయే. కావున ఋతువును బట్టి వంటను మార్చుకొనుట భోగమా, సాధనమా యని నిదానముగా విచారింపవలసియున్నది.

తైత్తిరీయోపనిషత్తునందు భృగువు తన తండ్రియైన వరుణుని సమీపించి, బ్రహ్మమును బోధింపుమని కోరెను. తపస్సు చేసి అతడు మొదట తెలిసికొన్నది అన్నమే బ్రహ్మమని. అతడు అచ్చట ఆగలేదు. ప్రాణము, మనస్సు, విజ్ఞానము, ఆనందము అను మెట్లను వరుసగా ఎక్కెను. అయినను పై మెట్టు చేరిన పిమ్మట క్రింది మెట్టును తన్నివేయలేదు. ఆనందమును గూర్చి చెప్పిన వెనుక ఆ ఉపనిషత్తే అన్నమును నిందింపరాదనియు, వృథాపుచ్చరాదనియు, సమృద్ధిగా పండింపవలెననియు, ఇంటికి వచ్చిన వానికి లేదనరాదనియు వ్రతములు విధించుచున్నది. ఆనందమును ఎరిగినవానికి అన్నము తుచ్ఛము కాలేదు. వ్రతమునకు తగినది ఆయెను.

ఛాందోగ్యోపనిషత్తు ఏడవ అధ్యాయమున సనత్కుమారుడు నారదునకు చేసిన ఉపదేశమున ఆహారశుద్ధి ప్రసక్తి వచ్చును. ఆహారము శుద్ధమైనచో అంతఃకరణము శుద్ధమగుననియు, దానివలన స్మృతి నిలుకడ చెందుననియు, అటుపిమ్మట హృదయగ్రంథులు వీడిపోవుననియు అందలి భావము. ఈ 'ఆహారము' అను పదమునకు శంకర భగవత్పాదులు ఇంద్రియములు గ్రహించు విషయములన్నియు అని అర్థము చెప్పిరి. రామానుజాచార్యులు భుజించు అన్నమే యని గ్రహించి, దానికి జాతి, ఆశ్రయ, నిమిత్త దోషములు మూడింటిని ఎత్తిచూపిరి. వివేకానందస్వామి తమ భక్తియోగ ప్రసంగములయందు ఈ రెండు వ్యాఖ్యలను ప్రక్కప్రక్కన నిలిపి, రెండును వలసినవే యని నిర్ణయించిరి. సాధకునకు కంటితోను చెవితోను గ్రహించునది ఎంత ముఖ్యమో, పళ్లెములో పడునదియు అంత ముఖ్యమే. పళ్లెమును మాత్రమే చూచుకొని మనస్సును మరచినవాడు మడిలో చిక్కుపడును. మనస్సును మాత్రమే పొగడి పళ్లెమును మరచినవాడు ధ్యానమునకు కూర్చున్న వెంటనే నిద్రకో, కడుపునొప్పికో లొంగిపోవును. మితిమీరి తినువానికిని, అసలు తినని వానికిని యోగము కుదరదని గీత ఆరవ అధ్యాయము బోధించుచున్నది. ఆ మితము ఋతువు ఋతువునకును ఒకటిగా నుండదు. విచారము మొదలు కావలసినది ఇచ్చటనే.

చరకసంహిత సూత్రస్థానమున ఆరవ అధ్యాయము ఋతుచర్యను వివరించుచున్నది. హేమంతమున బయటి చలి దేహాగ్నిని లోపలనే నిలిపి ప్రబలము చేయుననియు, అప్పుడు గురువైన, స్నిగ్ధమైన ఆహారము జీర్ణమగుననియు, అట్టిది లభింపనిచో ఆ అగ్ని దేహరసమునే హరించుననియు చరకుని మతము. వసంతమున కఫము కరగి బాధించును గావున గురువును, పులుపును, జిడ్డును, తీపిని తగ్గింపవలెను. గ్రీష్మమున ద్రవప్రాయమైన చల్లని ఆహారము తగును. వర్షర్తువున అగ్ని మందగించును గావున తేలికయైన ఆహారము, ప్రాత ధాన్యము, పప్పుకట్టు హితము. శరత్తున పిత్తము ప్రకోపించును గావున చేదు, తీపి, లఘువు కోరదగినవి. వాగ్భటుడు అష్టాంగహృదయమున మరియొక సూక్ష్మమును చెప్పెను. పోవుచున్న ఋతువున కడపటి 7 దినములు, వచ్చుచున్న ఋతువున మొదటి 7 దినములు కలిపి ఋతుసంధి. ఆ 14 దినములలో ప్రాత అలవాటును మెల్లమెల్లగా విడుచుచు, క్రొత్తదానిని మెల్లమెల్లగా పట్టవలెను. హఠాత్తుగా మార్చినచో రోగము కలుగును. దేహమును బలవంతపెట్టక మెల్లగా త్రిప్పుకొను ఈ నేర్పే మనస్సు విషయమునను పనికివచ్చును.

శాస్త్రము చెప్పిన దీనిని చదువురాని ముత్తవ్వలు పండుగలలో దాచి ఉంచిరి. తెలుగువారి ఉగాది పచ్చడిలో వేపపువ్వు, క్రొత్త చింతపండు, క్రొత్త బెల్లము, మామిడి పిందె, ఉప్పు, కారము కలియును. ఆరు రుచులును అందుండును, ఆ కాలమున చెట్టుపై ఉన్నదియు అందుండును. ఎనిమిది దినములు గడచినంతనే శ్రీరామనవమికి వడపప్పు, పానకము వచ్చును. బీహారమున మేషసంక్రాంతికి వేయించిన శనగల సత్తుపిండిని పచ్చిమామిడితో ఆరగింతురు. వర్షములు ముమ్మరమగు కర్కాటక మాసమున కేరళమున ఓషధులు చేర్చిన గంజి త్రాగుదురు. ఆషాఢమున తెలుగింట మునగాకు వండుదురు. వినాయక చవితి ఉండ్రాళ్లు, కుడుములు నూనెలో వేగినవి కావు, ఆవిరిపై ఉడికినవి. కాళీపూజకు ముందునాడు వంగదేశమున పదునాలుగు విధముల ఆకుకూరలను కలిపి వండు ఆచారము కలదు. కార్తికమున ఉసిరిచెట్టు క్రింద వనభోజనము. చలి ముదిరిన భోగినాడు నువ్వులద్దిన సజ్జరొట్టె, మరునాడు క్రొత్త బియ్యము, బెల్లము, నువ్వులతో అరిసెలు. మహారాష్ట్రమున ఆనాడే నువ్వులు బెల్లము కలిపిన ఉండలను పంచుకొందురు. వంగదేశమున క్రొత్త ఖర్జూరపు బెల్లముతో పిఠాలు చేయుదురు. రథసప్తమికి పిడకల నిప్పుపై పొంగిన పరమాన్నమును చిక్కుడాకులలో సూర్యునకు నివేదింతురు. మంచు కప్పు కాశ్మీరమున వేసవిలో ఎండబెట్టిన కూరగాయలే శీతకాలమునకు ఆధారము.

వండుట ఎట్లు ఋతువును అనుసరించునో, మానుటయు అట్లే అనుసరించును. చాతుర్మాస్యమున శ్రావణమున కూరలు, భాద్రపదమున పెరుగు, ఆశ్వయుజమున పాలు, కార్తికమున పప్పుధాన్యములు విడుచు నియమము కలదు. ఒక మాసము పెరుగు లేకుండ, ఒక మాసము పప్పు లేకుండ వండవలసిన ఇల్లాలు క్రొత్త పాకములను కనుగొనక తప్పదు. త్యాగమే ఆమెకు నేర్పు నేర్పినది.

సంప్రదాయమనగా మార్పులేనిదని భావించువారు ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. నేడు తెలుగువారి భోజనమునకు ప్రాణమువంటిదైన మిరపకాయ ఈ దేశపు పంట కాదు. అమెరికా ఖండమున పుట్టి, 16వ శతాబ్దమున పోర్చుగీసు నావికుల వెంట ఇచ్చటికి చేరినది. అంతకు ముందు కారమునకు మిరియము, పిప్పలి, అల్లము ఆధారములు. బంగాళాదుంప, టమాటా సైతము ఆ ఖండమునుండి వచ్చినవే. పూర్వులు క్రొత్తదానిని కన్నులు మూసికొని త్రోసివేయలేదు. పరీక్షించి, దేశమునకును కాలమునకును ఒదిగించి, తమదిగా చేసికొనిరి. ఒకప్పుడు పేదల తిండియని చిన్నచూపు చూచిన జొన్న, సజ్జ, రాగి, కొఱ్ఱలను ప్రపంచము మరల ఆదరించుచున్నది. ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును చిరుధాన్య సంవత్సరముగా ప్రకటించినది. కావున నేటి గృహస్థునకు క్రొత్తగా తోచునది పెక్కుసార్లు తాతగారి పళ్లెములోనిదే.

ఇక మొదటి ప్రశ్న. క్రొత్త వంటకమును చేసి చూచుట జిహ్వాచాపల్యము కాదా? ఆ వంటకము ఎవరి కొరకు పుట్టినదో చూచినచో సమాధానము దొరకును. నాలుక విసుగుతో పుట్టిన క్రొత్తదనమునకు అంతము లేదు. నేడు మెచ్చినది రేపు చప్పనగును. ఎదుటివాని అవసరమును చూచి పుట్టిన క్రొత్తదనము వేరు. ముసురు పట్టిన దినములలో ముసలితండ్రికి కందిపప్పు అరుగుట లేదని గ్రహించి, పెసరకట్టులో అల్లము, మిరియము వేసి కాచి యిచ్చిన కోడలు రుచిని వెదకలేదు, మనిషిని చూచినది. శ్రీరామకృష్ణులు తల్లిని గూర్చి చెప్పుచుండిన దృష్టాంతము భక్తులకు తెలిసినదే. ఇంటికి వచ్చిన చేప ఒక్కటే యైనను, తల్లి బిడ్డల జీర్ణశక్తిని బట్టి దానిని పలు విధముల వండును. కడుపు బలము లేని బిడ్డకు తేలికయైన పులుసు పెట్టును. భగవంతుడు సాధకుల అధికారభేదమును బట్టి పలు మార్గములను ఏర్పరచెనని చెప్పుటకు వారు ఈ ఉపమానమును వాడిరి. వంటయింటి వివేకము అంతటి తత్త్వమును మోయగలిగినదని ఇందువలన తెలియుచున్నది.

ఇచ్చట ఒక ఆచారమును లోతుగా చూడవలెను. నైవేద్యమునకు వండు పదార్థమును ముందుగా రుచి చూడరాదు. వాడుకైన వంటకమైనచో ఇది సులభము. క్రొత్త వంటకమును, అందును జీవితమున మొదటిసారి చేయుచున్నదానిని, నాలుకపై వేసికొనకుండ వండుట ఎట్లు? వండువాడు నాలుకను ప్రక్కన పెట్టి మిగిలిన ఇంద్రియములను మేలుకొలుపవలెను. పప్పు మెదిగినదో లేదో గరిటె చెప్పును. పోపు వేగినదో లేదో చెవి చెప్పును. పచ్చివాసన పోయినదో లేదో ముక్కు చెప్పును. ఉప్పు ఎంతయో చేతి కొలత చెప్పును. మనస్సు ఒక్క క్షణము వీధిలోనికి పోయినచో అడుగు అంటును. జపమాల త్రిప్పుచు పరధ్యానమున నుండవచ్చును గాని, పొయ్యి ఎదుట పరధ్యానము వెంటనే బయటపడును. ఇట్లు వండి, దేవునకు నివేదించి, అటుపిమ్మట తొలి ముద్ద నోట పెట్టుకొన్నప్పుడు ఉప్పు తక్కువైనను అది ప్రసాదమే, బాగుగా కుదిరినను అది ప్రసాదమే. జిహ్వకు క్రొత్తదనము చూపుచునే జిహ్వను యజమాని పీఠమునుండి దింపు ఉపాయము ఇది. ఆక్షేపించిన భక్తునకు ఇంతకంటె వేరు సమాధానము అక్కరలేదు.

అంతేకాదు. "నాకు ఏ రుచియు వలదు, ఎప్పుడును ఒక్కటే చాలును" అనువానిలో సైతము అహంకారము దాగియుండవచ్చును. చైత్రమున వేపపువ్వు చారు పెట్టగా ముఖము చిట్లించి, "నా పప్పుచారు ఏది?" అని గద్దించువాడు వైరాగ్యవంతుడు కాడు. అలవాటునకు దాసుడు. దొరికినదానితో తృప్తి చెందుటయే జిహ్వాజయము. ఋతువు తెచ్చినదానిని తెచ్చినట్లు స్వీకరించుట ఆ తృప్తికి తొలి పాఠము.

సాధన చేయగోరువారికి కొన్ని నియమములు ఉపకరించును. ఋతువునకు ఒక్క క్రొత్త వంటకము చాలును. మిగిలిన భోజనము అలవాటైనదే ఉండవలెను. ఆ వంటకములోని ముఖ్యవస్తువు ఆ కాలమున, ఆ ప్రాంతమున విరివిగా చౌకగా దొరకునదై ఉండవలెను. ఎండలు ముదిరినప్పుడు రాగిపిండిని రాత్రి నీట కలిపి ఉంచి, ఉదయమున ఉడికించి చల్లార్చి, మజ్జిగ, ఉప్పు, జీలకర్ర చేర్చిన అంబలికి ఖర్చు స్వల్పము. చలికాలమున చిక్కుడుకాయ కూరలో వేయించిన నువ్వుల పొడి చల్లుటకు శ్రమ స్వల్పము. మొదట కొలది పరిమాణమున చేసి, రెండు మూడు దినములు దేహము ఎట్లున్నదో చూడవలెను. భోజనానంతరము మనస్సు తేలికగా నున్నదా, బరువెక్కినదా యని గమనింపవలెను. మధుమేహము, మూత్రపిండముల వ్యాధి మున్నగునవి కలవారు ఋతుచర్య పేరిట వైద్యుని మాటను దాటరాదు.

సముద్రములు దాటి స్థిరపడిన తెలుగువారికి మరియొక చిక్కు కలదు. ఆస్ట్రేలియాలో సంక్రాంతి నడివేసవిలో వచ్చును, ఉగాది ఆకు రాలు కాలమున వచ్చును. మండుటెండలో నేతి అరిసెలు ఆరగించుటయేనా ధర్మము? పండుగనాడు దేవునకు చిన్న అరిసె ఒకటి నివేదించి పూర్వుల స్మృతిని నిలుపుకొనవచ్చును. దినదినపు భోజనము మాత్రము అచ్చటి ఎండను, అచ్చటి నేలను అనుసరింపవలెను. పంచాంగపు మాసము స్మృతికి, తలపైనున్న సూర్యుడు దేహమునకు. రెండింటిని కలిపి చూడగలిగినవాడే ఋతుధర్మమును ఎరిగినవాడు.

వేరొక ధర్మమును మరచినచో ఇంతవరకు చెప్పినదంతయు నిష్ఫలము. ఋతుచర్య, నైవేద్యము, ఆరోగ్యము అను గొప్ప పేర్లతో ఇంటిలో ఒక్క స్త్రీ నెత్తిన క్రొత్త బరువు మోపుట ధర్మము కాదు. ఉదయము కార్యాలయమునకు పరుగెత్తి, సాయంకాలము అలసి వచ్చిన ఆమెను ఆషాఢమునకు ఒకటి, శ్రావణమునకు ఒకటి వండిపెట్టుమని కోరుచు తాను పత్రిక చదువుకొను పురుషుడు ఆహారశుద్ధిని గూర్చి మాటలాడుటకు అర్హుడు కాడు. ఆశ్రమములలో బ్రహ్మచారులు కూరలు తరుగుదురు, గంగాళములు తోముదురు. ఆ పని వారి సాధనలో భాగము. మఠమున సాధనమైనది గృహమున అవమానమెట్లగును? కూర తరుగుట, నువ్వులు వేయించుట, పాత్రలు కడుగుట ఇంటిల్లిపాదియు పంచుకొన్ననాడే ఆ వంట పూజయగును. వండుటకు చేతగానివాడు కనీసము తప్పెన్నకుండ తినుట నేర్వవలెను. అదియు చిన్న తపస్సు కాదు.

తన కొరకు మాత్రమే వండుకొనువాడు పాపమునే భుజించుచున్నాడని గీత మూడవ అధ్యాయము హెచ్చరించుచున్నది. ఋతువులలో అతి కఠినమైనది కరవు. 1864లో వంగదేశమున జయరాంబాటి ప్రాంతమున కరవు వచ్చినప్పుడు శారదాదేవి పదునొకండేండ్ల బాలిక. ఆమె తండ్రి రామచంద్ర ముఖోపాధ్యాయుడు ధనికుడు కాడు. ముందటి ఏటి ధాన్యము కొంత ఇంట నిలువయుండెను. ఆయన దానిని తన కుటుంబము కొరకు దాచుకొనక, బియ్యము పప్పు కలిపి కుండలకొలది కిచిడీ వండించి వచ్చినవారికెల్ల పెట్టించెను. ఆకలిగొన్నవారు పొగలు గ్రక్కుచున్న అన్నము చల్లారువరకు ఆగలేకపోయిరి. అది చూచి ఆ చిన్నపిల్ల రెండు చేతులతో విసనకఱ్ఱ పట్టి వారి ఆకులలోని కిచిడీని చల్లార్చుచుండెను. ఆమె ఏ ఋతుచర్యా గ్రంథమును చదివియుండలేదు. ఎదుటివానికి ఆ క్షణమున ఏమి కావలెనో చూచినది, చేసినది.

ఋతువు మారినప్పుడెల్ల ఇంట ఒక క్రొత్త వంటకము చేయగోరువారు ఆ చేతులను స్మరింతురుగాక. వేసవిలో అంబలి కాచిననాడు రెండు చెంబులు ఎక్కువ కాచి వీధిలో ఎండలో పనిచేయువారికి ఇండ్ల ముంగిట ఉంచవలెను. వానలలో పెసరకట్టు కాచిననాడు పొరుగింటి ఒంటరి వృద్ధునకు ఒక గిన్నెడు పంపవలెను. చలిలో రొట్టె చేసిననాడు కావలివానికి వేడివేడిగా ఒకటి అందింపవలెను. ఆ భాగమును ముందుగా తీసి పెట్టిన పిమ్మటనే విస్తరి వేసికొనుట అలవాటైననాడు, ఆ యింటి పొయ్యి హోమకుండమగును.